చక్కెర బాబాయి షెడ్డులో ఏడ్చే బండి

ఊరి చివరి మలుపులో ఉన్న ఆ పాత బండ్ల షెడ్డు పక్కనుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. నడిచినవాళ్లు చెప్పేదొకటే — లోపల ఏదో ఏడుస్తుందట. సన్నగా, ఊపిరైనా తీసుకోకుండా... తెల్లారేదాకా. మూడు వారాలుగా ఇదే వరస.

షెడ్డు యజమానిని అందరూ చక్కెర బాబాయి అంటారు, మాట అంత తీపి మరి. ఆయన్ని అడిగితే గొంతు తగ్గించేవాడు.

"కొండమీంచి బండితో సహా పడి చచ్చిపోయాడు పాపం ఒకతను... రాత్రిళ్లు బండి కోసం వెతుక్కుంటాడు. మీరు మాత్రం ఇటు రాకండి నాయనా."

ఆ బండి ఏదీ అంటే, "అదా, ఎప్పుడో అమ్మేశాను" అనేవాడు.

ఆ ఊళ్లో పశువుల డాక్టరు ఒకాయన ఉన్నాడు. కొండమీది కొట్టాలకి ఆయనే దిక్కు. పోయిన వానల్లో స్కూటరు బురదలో దిగబడి, ఆయన నడిచి వెళ్లేసరికి ఓ ఆవు కడుపులో దూడతో సహా చచ్చిపోయింది. ఆ ఇంటి ముసలావిడ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయన్ని తినేస్తోంది. మళ్లీ వానలొచ్చేలోగా కొండెక్కే బండి కొనాలి. అందుకే ఏటీవీ మీద మనసు పడ్డాడు — బైకులా హ్యాండిలు, లావుపాటి చక్రాలు నాలుగు. కొత్తది కొనే స్తోమత లేదు.

చక్కెర బాబాయి ఎర్రబండి ఒకటి చూపించాడు. "వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు డాక్టరుగారూ. ఓ టీచరమ్మ, ఆదివారాలు మాత్రం..."

"మీటరుకి గుడ్డ కట్టావేం?"

"అద్దం బిగిస్తున్నామండీ."

డాక్టరు పశువుని చూసినట్టే చూశాడు బండిని. సీటు కవరు కొత్తది. కాళ్లు పెట్టుకునే చోట ఇనప పళ్లు మాత్రం నున్నగా అరిగిపోయాయి. టీచరమ్మ ఆదివారాలు ఎన్నుంటే అంత అరుగుతాయి! ముందు చక్రం పట్టుకుని ఊపితే లొడలొడలాడింది. ఇంజను మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

"అప్పుడే వేడి చేశావా బాబాయ్?"

"మీకోసమే ముందుగా నిద్రలేపి ఉంచానండీ."

మర్నాడు వచ్చినా అంతే, ఆ మర్నాడూ అంతే. చల్లారిన ఇంజను ఎలా అందుకుంటుందో చూస్తే గానీ బండి ఆరోగ్యం తెలీదు. ఇది జ్వరం మాత్ర వేసుకొచ్చిన రోగి వ్యవహారంలా ఉంది ఆయనకి.

ఆ రాత్రే కొండమీంచి దిగుతుంటే స్కూటరు మొరాయించింది. వదిలేసి నడక మొదలుపెట్టాడు. టార్చి కూడా ఆరిపోయింది. ఒంటిమీద తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు... ఎదురుగా ఆ మలుపు.

ఏడుపు వినబడింది.

ఆయన కాళ్లు ఆగిపోయాయి. భయం వేసింది, వేయలేదంటే అబద్ధం. కానీ లోపల బండి ఉంది. ఈ వేళప్పుడు అది చల్లగా ఉంటుంది... మెల్లగా తలుపు తోశాడు.

గుడ్డి దీపం. బండి ముందు ఎవరో కూచుని ఉన్నారు... తల తిప్పారు... తెల్లకోటు చూశారు —

"వచ్చేశాడమ్మో!"

కూచున్న ఆకారం లేచి, వెనక తలుపులోంచి దూకి, చీకట్లో పడి పారిపోయింది. చెప్పులు మాత్రం అక్కడే ఉన్నాయి. అవి చక్కెర బాబాయివి.

ఏడుపు మాత్రం ఆగలేదు. డాక్టరు వంగి చూశాడు. మీటరు తీగని చక్రం నుంచి ఊడదీసి, కరెంటు డ్రిల్లుకి తగిలించి ఉంది. డ్రిల్లు సన్నగా ఏడుస్తూ తిరుగుతోంది. అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. పక్క గోడమీద సుద్దముక్కతో రోజుకో అంకె — మొదటిది 38,412. చివరిది, ఆ సాయంత్రానిది, 1,400.

ఇంజను చల్లగా ఉంది. తాళం బండికే ఉంది. స్టార్ట్ చేశాడు. రెండోసారికే అందుకుంది, పొగ లేదు. స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. ఒళ్లు అరిగింది గానీ గుండె మాత్రం గట్టిదే.

ఇంజను ఆపాడు. డ్రిల్లు ఆపబోయి, ఏమనుకున్నాడో ఏమో, దాన్ని అలాగే వదిలేసి ఇంటికి పోయాడు.

తెల్లారి వెళ్తే చక్కెర బాబాయి దుప్పటి కప్పుకుని గుమ్మంలోనే కూచున్నాడు. లోపలికెళ్లే ధైర్యం లేదు. డాక్టరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. మీటరు రాత్రంతా వెనక్కి తిరిగి, సున్నాలు దాటేసి, 99,487 దగ్గరుంది.

"వెయ్యి కూడా తిరగలేదన్నావు కదా బాబాయ్?"

"దెయ్యం... నడిపిందండీ, రాత్రంతా."

"లక్ష కిలోమీటర్లా?"

"దానికి మాత్రం వేరే పనేముంది చెప్పండి."

"ముప్పై ఎనిమిదివేల నాలుగువందల పన్నెండు" అన్నాడు డాక్టరు నెమ్మదిగా.

చక్కెర బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎవరు... ఎవరు చెప్పారు?"

"ఏడ్చేవాడే."

అరిగిన బండికి తగ్గ ధరే పలికింది. లొడలొడలాడే చక్రం అడక్కుండానే బాగుపడింది.

తొలి వానలు పడ్డ రాత్రి ముసలావిడ దగ్గర్నించే కబురొచ్చింది. ఈసారి బండి ఎక్కడా దిగబడలేదు. దూడ అడ్డం తిరిగి ఉంది. డాక్టరు చెయ్యి పెట్టి సరిచేసి లాగితే, వణుక్కుంటూ లేచి నిలబడింది. ముసలావిడ ఆయన బురద చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు.

దిగి వస్తుంటే, మలుపులో... చీకట్లోంచి ఎవరో బండికి అడ్డం వచ్చారు. తలమీద దుప్పటి. వంగి మీటరు మీద బురద తుడిచారు. 99,960.

"డాక్టరుగారూ..." అని గుసగుస. "ఇంకో నలభై తిరిగితే అన్నీ సున్నాలే. అప్పుడు నాకే ఇచ్చెయ్యండి. కొత్తబండని అమ్మిపెడతాను."