సంతకం మాత్రం మేడంది

ప్రింటర్ ట్రేలోంచి తీసిన కాగితాల్లో నాలుగు పేరాలు చదివేదాకా అతనికి తెలియలేదు, అది తన వ్యాసం కాదని. పాపం అతని తప్పేం లేదు. "చిన్నప్పటి నుంచీ చిక్కుముడులు విప్పడమంటే నాకు ప్రాణం" అని మొదలైంది. అతనిదీ అలాగే మొదలవుతుంది. ఆ మాటకొస్తే బిజినెస్ స్కూలుకి అప్లై చేసే కన్సల్టెంట్లందరిదీ అలాగే మొదలవుతుంది లెండి. వాళ్ళు చిన్నప్పుడు ఆటలాడుకోలేదు, ముడులు విప్పుకుంటూ కూర్చున్నారు.

"అయిపోయిందా చదవడం?" అంది వెనక నుంచి ఎవరో.

తిరిగి చూస్తే ఎదురు టేబుల్ అమ్మాయి. ఏ మీటింగులోనైనా "ఎందుకు?" అని అడక్కుండా ఉండలేదు కాబట్టి ఆఫీసులో ఆమెని చాటుగా ఎందుకమ్మ అంటారు. అతన్ని మొహమ్మీదే పాయింట్ల బాబు అంటారు. టీనా కాఫీనా అని అడిగినా "ఇందులో మూడు పాయింట్లున్నాయి" అంటాడు మరి.

"నాదనుకున్నాను," అన్నాడతను.

"నాలుగు పేరాల దాకానా?"

"అక్కడిదాకా నాదే. ఐదో పేరాలో లాండ్రీ వచ్చింది, అప్పుడు అనుమానమొచ్చింది."

ఆమె కాగితాలు లాక్కుంది. మీరూ ఆ స్కూలుకేనా అని అడగాల్సిన పనే లేదు. ట్రేలో అడుగున అతని వ్యాసం ఉంది, ఆమె కళ్ళు అప్పటికే దాని మీద ఉన్నాయి.

ఆ స్కూలు వాళ్ళు ఏ ఆఫీసు నుంచైనా ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారని ఎక్కడా రాసిలేదు. కానీ ఇన్నేళ్ళుగా ఈ ఆఫీసు నుంచి ఒకే ఏడాది ఇద్దరు వెళ్ళిన పాపాన పోలేదు. ఉన్నది ఒక్క సీటు, అడిగేవాళ్ళు ఇద్దరు.

అతనికి ఇది మూడోసారి. రెండుసార్లూ ఒకటే జవాబొచ్చింది: మీ ప్రొఫైల్ బాగుంది, కానీ మీలాంటివాళ్ళు చాలామంది వస్తారు. అంతే, తనలాంటివాడు కాకుండా ఉండడానికి ఏడాదిగా నానా తంటాలూ పడుతున్నాడు. మోకాలినొప్పితో హాఫ్ మారథాన్ పరిగెత్తాడు. ఆదివారాలు పెద్దవాళ్ళకి ఫోను వాడడం నేర్పాడు. వాళ్ళు శుభ్రంగా నేర్చుకుని, రోజుకి పదిసార్లు వీడియో కాల్ చేసి అతని ప్రాణం తోడేస్తున్నారు. చివరికి ఉకులేలె అనే బుల్లి గిటారు కూడా కొన్నాడు. అతనుండేది అక్క ఇంట్లో. అక్క లెక్కల టీచరు, దేనికీ చలించే మనిషి కాదు. ఉకులేలె మొదలెట్టిన రోజు మాత్రం లేచి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు మేడం ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. మేడం అంటే వాళ్ళ బాసు. అప్లికేషన్‌తో పాటు బాసు రాసిన సిఫారసు లెటరు పంపాలి.

"మన దగ్గర ఎవరి లెటరు వాళ్ళే రాసుకొస్తారు, నేను సంతకం పెడతాను. మీకు తెలిసిందేగా," అంది మేడం, ఫోన్లోంచి తలెత్తకుండా. "పోయినేడు ఒకడు తన గురించి రాసుకున్నది చదివితే నాకు కళ్ళు తిరిగాయి. అంత గొప్పవాడు నా కింద పనిచేస్తున్నాడా అని భయం వేసింది. అందుకని ఈసారి పద్ధతి మార్చాను. నీ లెటరు ఈ అమ్మాయి రాస్తుంది. ఈ అమ్మాయిది నువ్వు రాయి."

"ఎందుకు?" అంది ఆమె.

"ఎవరి గురించి వాళ్ళు రాసుకుంటే అంతా పొగడ్తే. పోటీలో ఉన్నవాళ్ళు రాస్తే కాస్తయినా నిజం ఉంటుంది. శుక్రవారంలోగా కావాలి."

బయటికి రాగానే అతను గొంతు సవరించుకున్నాడు. "ఇందులో మూడు ప్రమాదాలున్నాయి."

"ఒక్కటే ఉంది," అంది ఆమె. "మీరు."

ఒకరి గురించి ఒకరు రాయాలంటే ఒకర్నొకరు అడగాలి కదా. మధ్యాహ్నం క్యాంటీన్లో కిటికీ పక్కన కూర్చున్నారు. బయట చినుకులు మొదలయ్యాయి. వాన చూస్తూ మాట్లాడుకోవాల్సిన వయసులో ఇద్దరూ చెరో లాప్‌టాప్ తెరిచి, చెరో ప్రశ్నల పట్టిక ముందు పెట్టుకున్నారు. ఇలాంటివాళ్ళని బాగుచెయ్యడం వాన వల్ల కూడా కాదు.

"బిజినెస్ స్కూలు మీకెందుకు?" అన్నాడతను.

"మా అమ్మకి లాండ్రీ ఉంది. నాలుగు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. అమ్మ ఒక్కరోజు పడుకుంటే షాపు మూతే. ఆమె మోచేతులు అరిగిపోతున్నాయి. ఆమె లేకుండా కూడా షాపు నడవాలి, ఇంకో రెండు షాపులు రావాలి. ఎలాగో నాకు తెలీదు. ఊళ్ళోవాళ్ళ కంపెనీలకి సలహాలిస్తాను గానీ మా అమ్మకి ఒక్క సలహా ఇస్తే పడీపడీ నవ్వుతుంది." టైపు చెయ్యడం ఆపి తలెత్తింది. "మీకెందుకు?"

అతను మూడు పాయింట్లు చెప్పాడు. నాయకత్వం, నెట్‌వర్కు, ప్రపంచ దృక్పథం.

"ఇవి వాళ్ళ వెబ్‌సైట్లో ఉన్నాయి. మీకెందుకు?"

అతను లాప్‌టాప్ మూత సగం దించాడు. "రెండుసార్లు వద్దన్నారు కాబట్టి," అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు. "అది రాయకండి."

"రాయను. మీరు చెప్పిన మొదటి నిజం కదా, నా దగ్గరే ఉంచుకుంటాను."

అంటూ నవ్వింది. అతనికి తర్వాతి ప్రశ్న ఏమిటో గుర్తు రాలేదు. పట్టిక ఎదురుగానే ఉంది, అయినా గుర్తు రాలేదు.

గురువారం సాయంత్రం అక్క వాళ్ళ భోజనాల బల్ల మీద లెటరు రాయడానికి కూర్చున్నాడు. అరగంటలో అవుతుందనుకున్నవాడు మూడు గంటలైనా లేవలేదు. గొడుగుల ఫ్యాక్టరీ సంగతి రాశాడు. వానలొస్తే ఆర్డర్లు అందించలేకపోతున్నామని ఆ ఫ్యాక్టరీ వాళ్ళు వీళ్ళని పిలిచారు. టీమంతా మూడువారాలు స్లైడ్లు చేసింది. ఆమె మాత్రం వెళ్ళి కుట్టేవాళ్ళ పక్కన కూర్చుని "ఎందుకు ఆగారు?" అని అడిగింది. దారం గది తాళంచెవి ఒక్కడి దగ్గరే ఉంటుందట, అతను పదకొండింటికి గానీ రాడట. అరవై స్లైడ్ల సమస్య ఒక తాళంచెవిలో తేలిపోయింది.

ఇంకోటి కూడా రాశాడు. టీములో ఒకతను తప్పు అంకె వేసి క్లయింటు ముందు దొరికిపోతే, ఆమె లేచి "ఆ పేజీ నేనూ చూశాను, నాదీ తప్పే" అంది. సాయంత్రం అతని బల్ల మీద మాటా పలుకూ లేకుండా టీ కప్పు పెట్టి వెళ్ళింది. ఆ ఒకతను ఎవరో రాయలేదు. ఆ టీకి ఏడాదైనా థాంక్స్ చెప్పని మొద్దు ఎవరో వేరే చెప్పాలా?

చివరి ప్రశ్న: అభ్యర్థిలోని బలహీనత ఏమిటి?

"నలుగురితో కలవదు" అని టైపు చేశాడు. ఒక్క వాక్యం. దాంతో ఆమె సీటు పోయి అతని ఒళ్ళో పడుతుంది.

అక్క పేపర్లు దిద్దుకుంటూ వెనక నుంచి స్క్రీన్ చూసింది. "ఇది నిజమేనా?"

"కాదు."

"మరి?"

"నాకు మూడోసారి అక్కా."

"సరే, నీ ఇష్టం." పేపర్ల వైపు తిరుగుతూ అంది, "పైన రాసిందంతా చూస్తే మాత్రం ఇది బాసు రాసినట్టు లేదురా. మనసిచ్చినవాడు రాసినట్టుంది."

అతనికి చెవులు వేడెక్కాయి. ఆ వాక్యం కొట్టేశాడు. దాని బదులు, "ఈమెకి నిజం దాచడం చేతకాదు. దానివల్ల ఎప్పుడో ఒకప్పుడు నష్టపోతుంది" అని రాసి పడుకున్నాడు.

శుక్రవారం మేడం రెండు లెటర్లూ చదివింది. అతను రాసింది రెండుసార్లు చదివింది. "టీ కప్పు కూడా చూశానా నేను?" అంది కళ్ళజోడు మీదుగా అతన్ని చూస్తూ. "నా కళ్ళు ఇంత బాగా పనిచేస్తాయని నాకే తెలీదు." పంపేసింది.

నెల తర్వాత ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. ఒక హోటల్లో, ఆమెకి బుధవారం, అతనికి గురువారం.

బుధవారం సాయంత్రం ఆమె తడిసి ముద్దయి ఆఫీసుకొచ్చింది. అతని టేబుల్ దగ్గర ఆగింది.

"చెప్పేశాను," అంది.

"ఏం చెప్పేశారు?"

"లెటరు మేడం రాయలేదని."

అతను కుర్చీలోంచి లేచాడు. "మీకేమైనా మతిపోయిందా? ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన లెటర్లో టీ సంగతి చదివి వినిపించి, 'మిమ్మల్ని ఇంత దగ్గరగా గమనించిన మనిషి ఉండడం మీ అదృష్టం, మీ బాసుకి కృతజ్ఞతలు చెప్పండి' అన్నాడు. అవునండీ అంటే అయిపోయేది. నా వల్ల కాలేదు." జుట్టులోంచి నీళ్ళు పిండుకుంది. "టీ సంగతి మీకు గుర్తుందని నాకు తెలీదు. అది తీసుకెళ్ళి మేడం ఖాతాలో ఎలా వేస్తాను? మా ఆఫీసులో ఒకతను రాశాడని చెప్పాను. పేరు చెప్పలేదు లెండి, కంగారు పడకండి. మీ సీటు మీకు భద్రంగానే ఉంది."

వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఇక తలెత్తలేదు. సీటు పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు.

అంటే సీటు అతనిదే. నోరు మూసుకుని రేపు నాలుగు ప్రశ్నలకి జవాబులు చెప్పి వస్తే చాలు. రెండేళ్ళుగా కోరుకున్నది ఇదే కదా. మరి బస్సులో ఇంటికెళ్ళేదాకా ఏడుపు ఎందుకొచ్చిందో అతనికే తెలియాలి.

గురువారం ఆ పెద్దాయన ఇంకో లెటరు తీశాడు. "మీ గురించి మీ బాసు ఒక మాట రాశారు. 'ఇతను తనకి కావలసింది తప్ప అన్నీ చెప్తాడు.' ఒప్పుకుంటారా?"

ఆ మాట ఆమె రాసిందని అతనికి అప్పుడే తెలిసింది. అమ్మా అక్కా తర్వాత తనని ఇంత దగ్గరగా చూసిన మూడో మనిషి ఆమే.

"ఒప్పుకుంటాను సార్," అన్నాడు. "కానీ రాసింది మా బాసు కాదు. నిన్న ఇక్కడ కూర్చున్న అమ్మాయి. ఆమె లెటరు రాసింది నేను. సీటు ఆమెకివ్వండి. ఆమెకి దాంతో పనుంది. నాకు పంతం మాత్రమే ఉంది."

కిందికొస్తే హోటలు మెట్ల మీద ఆమె ఉంది. ఆ గొడుగుల ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. "ఎలా జరిగింది?"

"నేనూ చెప్పేశాను."

"ఎందుకు?"

ఈసారి పాయింట్లు రాలేదు. "నువ్వు రాసింది మేడం రాసిందంటే నాకు కడుపు మండింది. ఇంకోటి. నాకు కావలసింది స్కూలు కాదు. నువ్వంటే నాకు ఇష్టం. ఆ టీ రోజు నుంచీ."

"నన్ను 'నువ్వు' అన్నావు," అంది ఆమె.

"అన్నాను."

"అలాగే అను. బాగుంది." గొడుగు అతని వైపు వంచింది. ఇద్దరికీ చాలలేదు. ఇద్దరూ తడిశారు, ఇద్దరికీ పట్టలేదు.

మేడంకి స్కూలు నుంచి ఫోనొచ్చింది. వారంలోగా స్వయంగా లెటర్లు రాసి పంపితే మళ్ళీ చూస్తామన్నారు. మేడం ఇద్దర్నీ నిలబెట్టి కడిగేసింది. ఆనక తలుపేసుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, తన చేత్తో రెండు లెటర్లు రాసింది. ఆమెది: "ఈ అమ్మాయి అడిగే ప్రశ్నలకి నా దగ్గర జవాబులు అయిపోయాయి. మీ దగ్గర ఉంటే తీసుకోండి." అతనిది: "మంచి కుర్రాడు. చెప్పిన పని చేస్తాడు."

"ఇది సంబంధం చూడ్డానికి పనికొస్తుంది గానీ సీటుకి పనికిరాదురా," అంది అక్క.

అక్క అన్నట్టే అయింది. ఆమెకి సీటొచ్చింది. అతనికి మూడోసారీ అదే జవాబొచ్చింది, కామాలతో సహా. ఆరోజు బాధపడ్డాడు, పడలేదంటే అబద్ధం. ఆమె కూడా రోజంతా అతని పక్కనే కూర్చుంది, ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆమె బయల్దేరడానికి వారం ముందు, ఆదివారం ఉదయం, అతను లాండ్రీకి వెళ్ళాడు. కౌంటరు వెనక ఆమె అమ్మ దుప్పటి మడతపెడుతోంది. మోచేయి దగ్గర గుడ్డ చుట్టి ఉంది.

"సలహా ఇవ్వడానికొచ్చావా?" అందావిడ.

"లేదండీ. పని నేర్చుకోవడానికి. ఆఫీసుకెళ్ళేముందు రోజూ ఉదయం వస్తాను. మీ అమ్మాయి చదువయ్యే రెండేళ్ళూ."

"ఇస్త్రీ వచ్చా?"

"రాదండీ."

"మిషను?"

"రాదండీ."

"మరి ఏమొచ్చు నీకు?"

"మీ అమ్మాయంటే ఇష్టం," అన్నాడు. "ప్రస్తుతానికి అదొక్కటే వచ్చు."

లోపల మిషన్ల దగ్గర ఏదో కింద పడింది. ఆవిడ అటు చూడలేదు. దుప్పటి రెండో కొస అతని చేతికిచ్చి, ఎలా పట్టుకుంటాడో చూసింది. తర్వాత అతని కాలరు పట్టి వెలుగులోకి తిప్పింది.

"రేపు ఏడింటికి రా," అంది. "ఇలాంటి చొక్కాతో మాత్రం రాకు. మా ఇంటి మనిషి ఇంత నలిగిన చొక్కా వేసుకుని తిరిగితే నా షాపుకి ఎవరొస్తారు?"

ఆ మాట అతని బుర్రకి ఎక్కడానికి కాస్త టైం పట్టింది. అప్పటికి లోపల ఆమె తడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.