మునిగే సీను

ఉదయం ఏడు నలభై. జమ్మలమడుగు లాడ్జి, రెండో అంతస్తు. హీరోయిన్ పావని మంచం మీద చనిపోయి ఉంది.

హీరోయిన్ అన్నది టీవీ వాళ్ళ మాట. సినిమాలో ఆమె హీరో చెల్లెలి స్నేహితురాలు. ప్రాణం పోతే తప్ప ప్రమోషన్ రాలేదు.

పక్కన ఖాళీ నిద్రమాత్రల స్ట్రిప్పు. ఒంటిమీద ఇస్త్రీ మడతలు చెదరని చుడీదారు. నుదుట గుండ్రంగా కుంకుమ బొట్టు.

ఎస్సై మసరత్ అన్నిటికీ ఫోటోలు తీయించి, శవాన్ని పోస్ట్‌మార్టానికి పంపింది.

"లవ్ ఫెయిల్యూర్ మేడం," అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు నాగేంద్ర. ప్రొద్దుటూరు మనిషి. దుఃఖం కూడా ఫోన్ చూసుకుంటూనే పడుతున్నాడు. "నిన్న మైలవరం డ్యాంలో షూటింగు. సాయంత్రం ఐదుకు ప్యాకప్. రూముకొచ్చి తలుపేసుకునింది. పొద్దున చూస్తే ఇట్ల."

"లవ్ ఎవురితో?"

"అది తెల్దు మేడం."

"ఫెయిలైందని మటుకు తెలుసు."

నాగేంద్ర నవ్వబోయి మానుకున్నాడు.

పదిన్నరకు తొండూరు నుంచి తల్లి దీవెనమ్మ వచ్చింది.

"మా శిరీష యాడుంది?"

"శిరీష ఎవురు?" అన్నాడు నాగేంద్ర.

"పావని మీరు పెట్టుకున్న పేరు నాయనా."

ఆమె మసరత్ చేయి పట్టుకుంది. "మందు మింగిందంటాండారు. అట్ల సచ్చినోళ్ళను మా పాస్టరు సమాధుల తోటలో పెట్టనీడు తల్లీ. గోడ బయట పెట్టమంటాడు. నా బిడ్డ అట్ల చేసుకునేది కాదు."

"వేషం అయిపోయినాక బొట్టుతోనే ఉండేదా అమ్మా?"

"షాటు కాంగానే మొగం కడుక్కునేది. బొట్టు ఉంటే నాకు వీడియో కాల్ గూడా చేసేది కాదు, తిడతానని."

మసరత్ మళ్ళీ పైకి వెళ్ళింది. గదంతా వెతికింది. బ్యాగు, బాత్రూము, అలమరా. కుంకుమ ఎక్కడా లేదు.

సాయంత్రం నాలుగుకు దీవెనమ్మను, యూనిట్‌నంతా కింది హాల్లో కూర్చోబెట్టింది. డైరెక్టరు తప్ప. ఆయన మధ్యాహ్నమే హైదరాబాదు కారెక్కాడు.

"ఈ పిల్ల క్రిస్టియన్. మీకెవురికీ తెల్దు. తెలుసుకునే పనేముంది? షాటు కాంగానే బొట్టు కడుక్కునే పిల్ల, సచ్చేముందు కుంకుమ పెట్టుకుంటాదా? ఆ రూములో కుంకుమే లేదు. అంటే సచ్చినాక ఎవురో పెట్టినారు. పెండ్లి కాని పిల్లను ఉత్త మొగంతో సాగనంపగూడదని, ఎవురో జాలిపడినారు. ఈ యూనిట్లో జాలి ఉండేది ఎవురికి?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హెయిర్ డ్రెస్సర్ అలివేలమ్మ మాత్రం నేల చూసింది.

"నేనే పెడ్తి మేడం. రాత్రి శవాన్ని రూముకు తెచ్చినాక తడి బట్టలు మార్చింది గూడా నేనే."

"తడి యాడిది?"

"మునిగే సీను. ఈత రాదని చెప్పినాది. నీకు రాకుంటే ఇంకో పిల్ల వస్తాదన్నారు. డైరెక్టరు రూముకు పిలిస్తే పోలేదు గదా, ఆ పొద్దు నుంచి ఆయమ్మతో ప్రతి షాటూ మళ్ళా మళ్ళా చేయిస్తాండె. నిన్న చేతులెత్తి అరుస్తాంటే..." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "శానా బాగా చేస్తాందని అందరం చప్పట్లు కొడ్తిమి."

మసరత్ ఫోన్ మోగింది. పై అధికారి. ఆమె వంతుకు రెండే మాటలు వచ్చాయి. రెండూ "సార్".

ఈలోగా నాగేంద్ర దీవెనమ్మ పక్కన కూర్చున్నాడు.

"కేసంటే ఏండ్లు పడతాది పెద్దమ్మా. అంతవరకు కాగితాల్లో ఆత్మహత్యే. సరదాగా నీళ్ళలోకి దిగి జారిపడిందని నువ్వు సంతకం పెట్టు. ప్రమాదమైతే మీ పాస్టరు అడ్డుచెప్పడు. రేపే తోటలో పెట్టుకోవచ్చు."

"పెట్టొద్దమ్మా," అంది మసరత్. "అలివేలమ్మ సాక్ష్యముంది."

"నేనేం చెప్పలేదు మేడం," అంది అలివేలమ్మ తల ఎత్తకుండానే. "నా యూనియన్ కార్డు పోతాది. ఇద్దరు ఆడపిల్లలు."

దీవెనమ్మ పెన్ను తీసుకుంది. సంతకం చేయడానికి చాలాసేపు పట్టింది. మసరత్ కిటికీ వైపు తిరిగింది.

"ఆ సీను సినిమాలో ఉంటాదా నాయనా?"

నాగేంద్ర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఉంటాది పెద్దమ్మా. శానా బాగా వచ్చింది."

"మునిగేటప్పుడు నా బిడ్డ ఎవుర్ని పిలిచిందో ఇనపడతాదా?"

"ఇనపడదు. గొంతు వేరే అమ్మాయిది పెడతాం."