ఎవరూ కడగని కప్పు

"ఆ మీట్ పై రొట్టె వేడిగా ఉందా?"

పోర్ట్ కెరిగన్ రేవులో, చేపల దుకాణం ముందు బెంచీ మీద కూర్చున్న ముసలావిడ అడిగింది.

"వేడిగానే ఉంది. సాసే లేదు," అన్నాడు క్లెమ్ ట్రెగెన్జా.

కోడ్ సరిపోయింది. ముసలావిడా, పాడా! ఆమె సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఓర్లా పాస్కో. తెల్ల విగ్గు కింద చెమటలు కారిపోతున్నాయి.

"రేపు పదింటికి సిమెంట్ ఫ్యాక్టరీలో పొగ తగ్గించే కొత్త సిమెంటుకి ట్రయల్. నెగ్గితే ఫ్యాక్టరీ బతుకుతుంది. లేదంటే నాలుగు వందల కుటుంబాలు వీధిన పడతాయి. ఒక విదేశీ ముఠా దాన్ని చెడగొట్టాలని చూస్తోంది."

"నా పని?"

"నీ సొంత ఊరేగా! ఫ్యాక్టరీ వాళ్ల నారింజ చొక్కా తగిలించుకో. బెల్టు మెకానిక్‌వి. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే ఇలారియా, ట్రయల్ చూసే ఇన్‌స్పెక్టర్లతో వస్తుంది. తెలుసుగా ఆవిడ?"

తెలుసా అంటే ఏం చెబుతాడు పాపం! మొగుడూపెళ్లాల్లా నటించమని సర్వీసే ఇద్దరినీ సముద్రపు ఒడ్డున ఒక ఇంట్లో పెట్టింది. నెల రోజుల నటన అన్నారు. మూడు నెలలైంది. నటన ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరికీ తెలీదు. పొద్దున్నే ఇలారియా పాటలు పాడుకుంటూ కప్పులు కడిగి బోర్లిస్తుంటే, ఆ చప్పుడు వినడానికే క్లెమ్ మంచం దిగకుండా పడుకునేవాడు.

ఒకరోజు ఆటపట్టించాడు కూడా. "మా ఫ్యాక్టరీలో ఇలా కప్పులు కడిగావంటే నీ పని అంతే! మెర్వ్ బాబాయ్ కప్పుకి నీళ్లు తగిలి పదకొండేళ్లయింది. లోపలంతా టీ రంగు పట్టి నిగనిగలాడుతుంది. దాని జోలికి ఎవడూ పోడు."

"ఛీ, మురికి మనుషులు!" అని ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

మెర్వ్ హాలెట్ కొలిమి ఆపరేటర్. క్లెమ్ తండ్రికి ప్రాణ స్నేహితుడు. సిమెంటుకి సున్నపురాయిని పద్నాలుగు వందల డిగ్రీల్లో కాల్చాలి. బొగ్గు పొగ ఒక ఎత్తు, రాయిలోంచి వచ్చే కార్బన్ ఇంకో ఎత్తు. సగం రాయి తీసేసి ఊరి మట్టిని ఎనిమిది వందల డిగ్రీల్లో కాల్చి కలిపితే చాలని మెర్వ్ కనిపెట్టాడు. కనిపెట్టడమంటే ఒక్క పూటలో కాదు. ఇవాళ గాలి కాస్త తగ్గించి, రేపు మట్టి కాస్త సన్నగా దంచి, ప్రతి మార్పూ బోర్డు మీద సుద్దతో రాసుకుంటూ పన్నెండేళ్లు కొట్టుకున్నాడు. మట్టి మాత్రం మహా సున్నితం. వేడి తొమ్మిది వందల యాభై దాటిందా, చచ్చిపోతుంది. ఆ సిమెంట్ గట్టిపడదు.

మర్నాడు తొమ్మిదిన్నరకి సైరన్ మోగింది. స్మోకో. ఆ టీ వేళకి ఫ్యాక్టరీలో పురుగు కూడా పనిచేయదు. ఇన్‌స్పెక్టర్ల మర్యాద కోసం షెడ్డులో పింగాణీ కప్పులు పెట్టారు. మెర్వ్ తిట్టుకుంటూ తన కప్పుని కంట్రోల్ రూమ్ కొక్కేనికే వదిలి వెళ్లాడు.

తిరిగి రాగానే కేక పెట్టాడు.

"ఒరేయ్! నా కప్పు ఎవడు కడిగాడ్రా? వాడి చేతులు పడిపోను! పదకొండేళ్ల రంగురా!"

అందరూ పగలబడి నవ్వారు. క్లెమ్ నవ్వలేదు. కప్పు తళతళలాడుతూ బల్ల మీద బోర్లించి ఉంది, పిడి గోడ వైపు తిప్పి. వాళ్ల ఇంట్లో రోజూ ఉన్నట్టే. అంత చెప్పినా చెయ్యి అలవాటు మానలేదన్నమాట. అందరూ టీకి పోయినప్పుడు ఇలారియా ఒంటరిగా ఈ గదిలో ఏం చేసినట్టు?

"బాబాయ్, స్క్రీన్ వదిలెయ్. తలుపు తీసి మట్టి రంగు చూడు."

"ఎనిమిది వందలే చూపిస్తోంది కదరా."

"చూడవయ్యా బాబూ!"

మెర్వ్ చూశాడు. "చెర్రీ పండు ఎరుపు ఉండాలి. ఓరి దేవుడో, నారింజ అయిపోయింది!"

గేజ్ వెనక గోరంత చిప్. అది రెండు వందల డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. చచ్చిన మట్టి బెల్టెక్కింది. ఇంకో నలభై సెకన్లలో గోదాంలో పడి మంచి మట్టినంతా చెడగొడుతుంది. క్లెమ్ పరిగెత్తి, బెల్టు మీది మట్టిని దారి మళ్లించే గేటు చక్రం పట్టుకున్నాడు. బిగుసుకుపోయింది. మెర్వ్ కూడా వచ్చి చెయ్యేశాడు. మూడు సెకన్లు ఉన్నాయనగా చక్రం తిరిగింది. మట్టి బయట గోతిలో పడింది.

చిప్ పీకేశారు, బొగ్గు తగ్గించారు. ఇన్‌స్పెక్టర్లు రెండో విడత టీ ముగించి వచ్చేసరికి మట్టి చెర్రీ రంగుకి దిగింది. ట్రయల్ నెగ్గింది.

ఇలారియా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉంది. పారిపోలేదు. మెడ దగ్గర ఆకుపచ్చ రాయి బ్రోచ్ మెరుస్తోంది.

"మూడు నెలలు నా ఇంట్లో తిని, నా ఊరి గొంతే కోస్తావా? ద్రోహీ! జన్మలో నాకు నీ మొహం చూపించకు!"

ఆమె కళ్లు నిండాయి. పోలీసులు తెచ్చిన సంకెళ్లకి చేతులు తనే చాపింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలోని ట్రాన్స్‌మిటర్ గరగరలాడింది. చీఫ్.

"ఆ బ్రోచ్‌లో కెమెరా, మైకు ఉన్నాయి. ముఠా ప్రతి క్షణం చూస్తోంది, వింటోంది. ఇలారియా తమ్ముణ్ని పట్టుకున్నారు. గేజ్ మార్చకపోతే వాణ్ని చంపేస్తారు. నీతో ఒక్క మాట అనలేకపోయింది, ఒక్క అక్షరం రాయలేకపోయింది. అందుకని కప్పు కడిగింది. నువ్వు కనిపెడతావని."

అలవాటు కాదు. అతను చెప్పింది ఆమె మరిచిపోలేదు. క్లెమ్ బెల్టు పక్కనే కూర్చుండిపోయాడు.

"నువ్వు తిట్టిన తిట్లు విని ఆమె తమవైపేనని నమ్మారు. తమ్ముణ్ని వదిలేశారు. కానీ ఆమె ద్రోహిగానే ఉండాలి. ఇప్పుడే విడుదలైతే ముఠాకి అనుమానం వస్తుంది, తమ్ముడు మిగలడు. జైలు తనే అడిగింది. పన్నెండేళ్లు పడుతుంది."

"ఒక్కసారి చూడొచ్చా, మేడమ్? క్షమించమని..."

"వెళ్లావంటే ముఠాకి అర్థమైపోతుంది. వద్దు, బాబూ."

క్లెమ్ ఏడ్చాడు. ఆ చొక్కా చేతులతోనే మొహం తుడుచుకుంటూ, వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం షెడ్డులో మెర్వ్ తెల్లబడ్డ తన కప్పులో టీ పోసుకుని లోపలికి తొంగి చూశాడు.

"మళ్లీ మొదట్నుంచీ! దీనికి రంగు పట్టాలంటే పదకొండేళ్లు కూర్చోవాలిరా."

"నీకేం బాబాయ్," అన్నాడు క్లెమ్, "నాకన్నా ఒక ఏడాది ముందే అయిపోతుంది."