నూట అరవై ముగ్గురి రహస్యం

"ఈ దేశంలో ఇవాళ అన్నిటికంటే పెద్ద రహస్యం ఇదీ," అంటూ కల్నల్ తురాత్‌బెక్ బల్ల మీదికి ఒక కాగితం తోశాడు.

మేజర్ సాబిర్‌కుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రక్తపరీక్ష చీటీ. బిష్కెక్‌లో ఏ ఆసుపత్రికి వెళ్లినా రోజుకి వందల కొద్దీ ఇచ్చేది. పదహారేళ్ల సర్వీసులో అతను క్షిపణుల మ్యాపులు కాపాడాడు, రాయబారుల సూట్‌కేసులు మార్చాడు. చివరికి చీటీకి కాపలా కాసే రాత రాసి ఉంది.

"ఇది నమూనా. అసలుది పదకొండింటికి ల్యాబ్ నుంచి వస్తుంది," అన్నాడు కల్నల్. "పేషెంటు జుమాకాదిర్ ఓస్మోనోవ్. రిటైరైన కస్టమ్స్ అధికారి. ఆర్కిడ్ ముఠా కనుమ దాటించిన బంగారాన్ని కళ్లారా చూసిన మనిషి ఈ ఒక్కడే. సోమవారం కోర్టులో నోరు విప్పాలి. ఈలోగా కరోనా పట్టుకుంది."

"ముఠా ఇంకా చంపలేదేం, కామ్రేడ్ కల్నల్?"

"కరోనా ఆ పని ఊరికే చేసి పెడుతుంటే వాళ్లకేం పని? చంపితే విచారణ, రచ్చ. తనంతట తను పోతే పూలు పంపి చేతులు దులుపుకుంటారు. పోడని తెలిస్తేనే చెయ్యి చేసుకుంటారు. ఆ సంగతి చీటీ చూసి మూడింటికల్లా తేల్చుకుంటారు. అది బయటికి పోకూడదు."

"నాకు మనుషులెందరు?"

"అందరూ జ్వరంతో పడున్నారు. ఇదిగో జామర్. వంద మీటర్లలో ఒక్క ఫోనూ పలకదు."

సాబిర్‌కుల్ జామర్ వెనక మూత తీశాడు. ఖాళీ.

"బ్యాటరీలేవి?"

"స్టోర్సులో ఉన్నాయి. సంతకం పెట్టేవాడు క్వారంటైన్‌లో ఉన్నాడు."

సాబిర్‌కుల్‌కి ఒళ్లు మండిపోయింది. అయినా సెల్యూట్ కొట్టాడు, అలవాటు కాబట్టి.

ఆసుపత్రిలో అతని మారువేషం వార్డు క్లీనర్. తెల్ల సూటు రెండు సైజులు చిన్నది. వీపు మీద ఎవరో మార్కర్‌తో 'బోలోత్' అని రాశారు. కారిడార్ పొడవునా మంచాలు, మంచాల మధ్య కుర్చీలు, కుర్చీల్లోనూ పేషెంట్లే. పది నిమిషాల్లో ముగ్గురు అతనికి బెడ్‌పాన్ అందించారు. కాదనడానికి వీల్లేదు, మారువేషం కదా.

ల్యాబ్‌లో డాక్టర్ బెర్మెత్ ఎదురైంది. ఆర్కిడ్ ముఠా ఆమెని గూఢచారిగా పెట్టుకుంది. ఆ రోజే ఆమె వచ్చి కల్నల్‌కి చెప్పేసింది. అప్పటినుంచీ డబుల్ ఏజెంట్. నగరంలో ఆమె అందం గురించి కథలు చెప్పుకుంటారు. ఇప్పుడు మాత్రం మాస్కూ గాగుల్సూ పోగా మిగిలింది రెండు కళ్లు, వాటి కింద నల్లటి వలయాలు. ఆ రెండింటితోనే సాబిర్‌కుల్ చేతిలో ఉన్న బెడ్‌పాన్ సంగతి మర్చిపోయాడు.

"ఒక్క చీటీ చూసి మనిషి బతుకుతాడో లేదో చెప్పేస్తావా ఎజే?" అని అడిగాడు. వాళ్ల మాటలో ఎజే అంటే అక్క, బాయ్కే అంటే అన్న.

"నాకేం దివ్యదృష్టి లేదు బాయ్కే. ఇదుంది." ఆమె చదరాల నోటుబుక్కు తెరిచింది. మూడు వందల పన్నెండు వరసలు. "చేరిన రోజు నుంచీ అందరికీ చేసే మామూలు పరీక్షలే. లింఫోసైట్లు ఎంత పడిపోయాయి, సీఆర్‌పీ ఎంత పెరిగింది, ఎల్‌డీహెచ్ ఎంత, యూరియా ఎంత, డి-డైమర్ ఎంత. అయిదింటికీ కలిపి పదికి మార్కులు వేశాను. ఏడు దాటినవాళ్లలో ఇంటికెళ్లింది చాలా తక్కువమంది. నాలుగు లోపువాళ్లు దాదాపు అందరూ వెళ్లారు. తప్పొచ్చిన సందర్భాలూ ఉన్నాయి, అవీ రాసి పెట్టాను."

"ఇంత తెలిసీ ఆ బయట కారిడార్లో వాళ్లు..."

"రెండు వారాలుగా పైవాళ్లకి చెప్తున్నా. ఎక్కువ మార్కులవాళ్లకి ముందు ఆక్సిజన్ పెట్టండి, మిగతావాళ్లు ఆగగలరు అని. కమిటీ వేస్తామన్నారు. కమిటీ ఛైర్మన్‌కి జ్వరం."

సాబిర్‌కుల్ వేలు నలభై ఒకటో వరస దగ్గర ఆగిపోయింది. సైరా, యాభై రెండేళ్లు, తొమ్మిది మార్కులు. అతని అక్క. చేరిన రోజు చీటీ చూసి నర్సు "అన్నీ మామూలేనండీ" అని అతని చేతికిచ్చింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆక్సిజన్ దొరికేసరికి మూడో రోజైంది, అప్పటికే అక్క లేదు. ఏడవడానికి గాగుల్సు అడ్డం. అతను కోపంగా నోటుబుక్కు మూసేశాడు.

పదకొండింటికి మెషిన్ చీటీ కక్కింది. జుమాకాదిర్‌కి మూడు మార్కులు. పెద్దాయన బతుకుతాడు.

"అంటే మూడింటికి చంపేస్తారు," అంది బెర్మెత్. వెంటనే ఇంకో చీటీ తయారు చేసింది. లింఫోసైట్లు తగ్గించి, మిగతా నాలుగూ పెంచి, తొమ్మిది మార్కులు. ఫోన్ తీసి హోల్గర్‌కి రింగ్ చేసింది. ఆర్కిడ్ నాయకుడు హోల్గర్ వెంటిలేటర్లు బిగించే విదేశీ వాలంటీరు వేషంలో ఇదే ఆసుపత్రిలో తిరుగుతున్నాడని తెలుసు, ఇన్ని ముసుగుల్లో వాడెవడో మాత్రం తెలీదు.

"కొండ తేనె గడ్డకట్టిందండీ," అంది. పెద్దాయన పోతాడని దానికి అర్థం.

"మంచిది. మా ఇంకో దుకాణంలో కూడా రుచి చూసి చెప్తాను," అని హోల్గర్ ఫోన్ పెట్టేశాడు.

సాబిర్‌కుల్ అసలు చీటీని బూటులో దాచి, దొంగ చీటీని జేబులో వేసుకుని, వాడికి ఇంకో దుకాణం, అంటే కబురందే రెండో దారి, ఎక్కడుందా అని మూడు అంతస్తులూ గాలించాడు. ప్రింటరు చూశాడు, చెత్తబుట్ట చూశాడు. ఏమీ దొరక్క రెండింటికి ఆవరణలోకొచ్చాడు. పోప్లర్ చెట్టు కింద ఫ్లాస్కు పెట్టుకుని పెద్దాయన కోడలు బురుల్చా కూర్చుని ఉంది.

"ఎవరి తాలూకమ్మా?" తెలిసే అడిగాడు.

"మా మామగారు లోపలున్నారు బాయ్కే."

"పేరు?"

"అయ్యో, మామగారి పేరు కోడలు ఎలా చెప్తుంది? మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం, మీసాలు పెద్దవి." కళ్లు తుడుచుకుంది. "ఇవాళ రక్తం బాగా వచ్చిందటగా! ఇందాక నర్సమ్మ ఇంకో కాపీ తీసి కింది కిటికీలోంచి చూపించింది. ఫోటో తీసుకున్నా. రోజూ రెండింటికి మా వాళ్ల గ్రూపులో పెడతాను."

"ఏ గ్రూపు?"

"మా బంధువుల వాట్సాప్ గ్రూపు. నూట అరవై మూడు మందిమి."

సాబిర్‌కుల్‌కి విషయం బోధపడింది. దేశ రహస్యం అతని బూటులో ఉంది. అదే రహస్యం నూట అరవై మూడు మందికి రోజూ రెండింటికి అందుతోంది. హోల్గర్ రెండో దుకాణం ఇదే.

"ఇప్పుడే నొక్కాను," అంది బురుల్చా. "ఈ నెట్‌వర్క్ ఒకటి, తిరుగుతూనే ఉంటుంది."

స్క్రీన్ మీద చీటీ ఫోటో, దాని మీద గిరగిరా తిరిగే చక్రం, చక్రం మధ్యలో కొట్టేసే గుర్తు. సాబిర్‌కుల్ ఫోన్ లాక్కుని ఆ గుర్తు మీద నొక్కాడు. కదల్లేదు. మళ్లీ నొక్కాడు. చేతికి రెండు జతల గ్లవ్స్! చక్రం ముప్పావు దాకా నిండింది. మాస్కు కిందికి లాగి, పళ్లతో గ్లవ్స్ చింపి, ఒట్టి వేలితో పొడిచాడు. ఫోటో ఆగింది.

"మీకేమన్నా పిచ్చా?" అని బురుల్చా లేచింది.

అతను గుర్తింపు కార్డు చూపించి ఉన్నదున్నట్టు చెప్పాడు. అంతలో గ్రూపులో మెసేజ్ వచ్చింది. నరీన్ ఊరి వైపు కోడలుగా గ్రూపులో ఉన్న జూరా: "జుమాకాదిర్ రక్త నివేదిక ఎందుకు ఆలస్యం అవుతున్నది?"

బురుల్చా చెంపలు వాయించుకుంది. "ఛీ ఛీ! ఎవత్తిది? కోడలై ఉండి మామగారి పేరు పెట్టి, అదీ నూట అరవై మంది ముందర!"

"నీకు తెలుసా ఈవిడ?"

"నరీన్ వాళ్లు చేర్చారనుకున్నా. వాళ్లు నేను చేర్చాననుకుని ఉంటారు. మా ఇళ్లలో ఏ కోడలూ ఇంత సిగ్గు లేకుండా ఉండదు బాయ్కే. ఇది మా మనిషి కాదు."

"దొంగ దొరికాడు. కానీ ఇప్పుడే పట్టుకుంటే లోపల వాడి మనుషులెవరో, ఏ సీసాలో ఏం కలిపారో తెలీదు. ముందు నమ్మించాలి. ఈ తొమ్మిది మార్కుల చీటీ పెట్టు."

"ఊళ్లో మా అత్తగారు చూస్తుందండీ. గుండె ఆగిపోతుంది. ఆయన పోతున్నారని నా చేత్తో ఎలా పెట్టను?"

"పెట్టకపోతే మూడింటికి నిజంగానే పోతారు."

ఆమె ఏడుస్తూనే దాని ఫోటో తీసి పెట్టింది, ఏడుస్తూనే "ప్రార్థించండి" అని రాసింది. నిమిషంలో గ్రూపంతా గొల్లుమంది. అబద్ధం ఆడించినందుకు సాబిర్‌కుల్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడింటికి అయిదు నిమిషాల ముందు అతను తుడుపుకర్రతో పెద్దాయన మంచం దగ్గర ఉన్నాడు. తెల్ల సూటులో ఒక పొడుగాటి మనిషి ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. ట్రాలీ మీద ఒకే ఒక్క సెలైన్ సీసా, మీద లేబుల్ లేదు. అతను సూటు జిప్పు దించి, లోపల్నుంచి ఫోన్ తీసి చూసుకున్నాడు. గ్రూపు ఏడుపు చదివినట్టున్నాడు, తృప్తిగా తలూపి ఫోన్ లోపల పెట్టి ట్రాలీ వెనక్కి తిప్పాడు.

సాబిర్‌కుల్ తన ఫోన్లో జూరా నంబరు నొక్కాడు. పొడుగాటి మనిషి సూటులో ఫోన్ మోగింది.

"కోడలమ్మా," అన్నాడు సాబిర్‌కుల్, తుడుపుకర్ర హోల్గర్ మోకాళ్లకి అడ్డం పెడుతూ, "మామగారి మంచం దగ్గర ముసుగు తియ్యొచ్చు, మరేం పర్లేదు." హోల్గర్ బోర్లా పడ్డాడు. మాస్కు ఊడింది, లోపల బారెడు గడ్డం. సీసా పగలకుండా బెర్మెత్ పట్టుకుంది. పక్క మంచాలవాళ్లు చప్పట్లు కొట్టబోయి దగ్గారు. ట్రాలీ సర్దిపెట్టిన వార్డు బాయ్ సాయంత్రానికి నోరు విప్పాడు.

సోమవారం పెద్దాయన మంచం మీది నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పాడు. ఆర్కిడ్ కథ ముగిసింది. బెర్మెత్ నోటుబుక్కుని మాత్రం భద్రతా శాఖ పరమ రహస్యమని ముద్ర వేసి పట్టుకుపోయింది. ఆమె కొత్తది కొని ఒకటో వరస నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

అసలు సంగతి అప్పటికే గ్రూపులో చెప్పేశారు. అయితే ఆ కబురు అందేలోపే ఊళ్లో వాళ్ల ఆచారం ప్రకారం కర్మకి గుర్రాన్ని కోసేశారు, గుడారం వేసేశారు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని తన గురించి బంధువులు రాసిన మంచి మాటలన్నీ చదివాడు. చదవడానికి గంటన్నర పట్టింది. తర్వాత సాబిర్‌కుల్‌ని దగ్గరికి పిలిచాడు.

"రహస్యాలు బాగా దాస్తావటగా బాబూ. ఇంకో వారం నేను బతికున్న సంగతి మళ్లీ దాచగలవా? మా రెండో తమ్ముడు ఇంకా ఏమీ రాయలేదు."