బల్ల మీది వాగు

పొయ్యి మీద టీ మరుగుతుండగా తమ్ముడు మేడ మీది నుంచి దిగి వచ్చాడు. బస్సు డ్రైవరు చొక్కా వేసుకున్నాడు గానీ గుండీలు పెట్టుకోలేదు. చంకలో రెండు థర్మాకోల్ పలకలున్నాయి.

“అన్నయ్యా, నాకో పని చేసిపెట్టాలి.”

అన్నయ్య పొయ్యి ఆపాడు. తన కొడుకు పోయాక తమ్ముడు అన్నయ్య వాకిట అడుగుపెట్టడం అదే మొదలు.

అన్నయ్యది కట్టుడు పళ్ల సెట్లు తయారుచేసే పని. భార్య పోయింది, పిల్లలు లేరు. సెలవు దొరికితే చాలు, బొటనవేలి కణుపంత సైనికులకు రంగులు వేసేవాడు. థర్మాకోల్ కోసి కొండలు, స్పాంజి చింపి పొదలు చేసి, ముందుగదిలోని పెద్ద బల్ల మీద పేర్చి, తమ్ముడితో పాచికలేసి యుద్ధాలాడేవాడు. తమ్ముడి కొడుకు ఆ బల్ల కోడు పట్టుకునే నడక నేర్చాడు. ఆరడుగులు పెరిగినా వాడు ఇంట్లో అందరికీ చంటోడే. ఆ చంటోడు నిజం సైన్యంలో చేరాడు. ఏదో వాగు గట్టున ప్రాణం పోగొట్టుకుని పెట్టెలో ఇల్లు చేరాడు. ఆ రోజే ముందుగదికి తాళం పడింది.

“సైన్యంలో వాడితో ఉన్న కుర్రాడొకడు ఆసుపత్రి నుంచి బయటికొచ్చాడు. ఆదివారం వస్తానన్నాడు,” అన్నాడు తమ్ముడు. “ఫోన్లో అడిగితే నోరు పెగలట్లేదు. వాగు ఇలా వంకర తిరిగింది, గట్టు అలా ఉంది అంటాడు, అక్కడే ఆగిపోతాడు. నువ్వా చోటు చేసిపెట్టావంటే చేత్తో చూపిస్తాడు.”

“తెలుసుకుని ఏం బావుకుంటాంరా?”

తమ్ముడు గోడ వైపు తిరిగాడు. “వీపులో తగిలింది అన్నయ్యా. బట్టలు మార్చేటప్పుడు చూశాను. డిపోలో నన్ను చూడగానే మాటలు ఆపేస్తున్నారు. వీపులో ఎప్పుడు తగులుతుంది చెప్పు? వెనక్కి పరిగెత్తితేనేగా?”

అన్నయ్య తాళంచెవి వెతికి గది తెరిచాడు. బూజు దులిపి, ఆ కుర్రాడికి ఫోన్ చేసి అడగాల్సినవన్నీ అడిగి పనిలో దిగాడు. థర్మాకోల్‌ను పొరలు పొరలుగా అతికించి గట్టు లేపాడు. గోడలకు పూసే పుట్టీ మెత్తి, జల్లించిన ఇసుక చల్లాడు. పల్చటి గోధుమరంగు పోస్తే అది పగుళ్లలోకి జారి, నిన్నటి ముద్ద కాస్తా నిజమైన మట్టిలా కనిపించింది. చేతులు పని మర్చిపోలేదు. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున మరదలు కూరగాయల సంచితో లోపలికొస్తూ ఆ గది తలుపు తెరిచి ఉండటం చూసింది. సంచి గడప దగ్గరే వదిలేసింది.

“మళ్లీ మొదలుపెట్టారా బావగారూ?”

“అది కాదమ్మా, తమ్ముడు…”

“ఆయనకైతే మతి పోయింది. మీకేమైంది? నా కొడుకు చచ్చిన చోటును బొమ్మల కొలువు చేస్తారా?” ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. “పక్కింటి పిల్లలు బంతులాడుకుంటుంటే వాడి చేతికి బ్రష్షు ఇచ్చారు. కత్తి పట్టినవాడు, తుపాకి పట్టినవాడు అంటూ పేర్లు నేర్పారు. మీ బొమ్మలు చస్తే తీసి డబ్బాలో పెట్టేవారు, మర్నాడు మళ్లీ నిలబెట్టేవారు. వాడు అదే నిజమనుకున్నాడు. మరి వాణ్ణి నిలబెట్టండి! చేతనైతే నిలబెట్టండి!”

రెండు చేతులా తడి గట్టును పట్టి లాగింది. పుట్టీ పెళ్లలు పెళ్లలుగా ఊడి నేల మీద పడింది. అన్నయ్య అడ్డుపడలేదు. ఆమె అన్న మాటల్లో ఒక్కటైనా అబద్ధమైతే ఎదురు చెప్పేవాడు. వేళ్లకంటిన మట్టిరంగు చూసుకుంటూ ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. అతను నేల మీది పెళ్లలు ఏరుకుని, మళ్లీ అతికించడం మొదలుపెట్టాడు.

ఆదివారం ఆ కుర్రాడు చంకకర్ర ఊతంతో వచ్చాడు. టీ ఇస్తే ముట్టలేదు. బల్ల ముందు నిలబడి చాలాసేపు చూసి, “ఇక్కడ రాళ్లు ఎక్కువుండేవి అంకుల్,” అన్నాడు. అన్నయ్య రాళ్లు పేర్చాడు. సైనికుల్ని చేతికిచ్చాడు. మరదలు ఎప్పుడు దిగిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

“మేం ఇటు నుంచి దిగాం. కాల్పులు మొదలవగానే వెనక్కి రమ్మన్నారు. అందరం గట్టెక్కేశాం. వాడూ ఎక్కేశాడు.” ఒక బొమ్మను గట్టు మీద పెట్టాడు. తమ్ముడు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. కుర్రాడు ఇంకో బొమ్మను వాగులో పడుకోబెట్టాడు. “ఒక్కడు మాత్రం కాలు విరిగి ఇక్కడ పడిపోయాడు. మీవాడు గట్టు మీంచి చూశాడు. మళ్లీ దిగాడు. పడ్డవాడి మీదికి వంగి చంకల్లో చేతులేసి ఎత్తుతుంటే, ఎగువన రాళ్ల వెనక నుంచి వీపులో…”

అతను వాగులో పడుకున్న బొమ్మను వేలితో తాకాడు.

“ఆ పడ్డవాణ్ణి నేనే అంకుల్.”

తమ్ముడి ముఖం వెలిగింది. చాలాకాలంగా వంగిపోయిన మెడ ఒక్కసారి నిటారుగా లేచింది. “విన్నావటే? పారిపోలేదు! నా కొడుకు పారిపోలేదు!”

“పారిపోయినా బాగుండేదండీ,” అంది ఆమె.

గొంతు పెంచలేదు. ఏడవనూ లేదు. “ఊరంతా పిరికివాడని ఉమ్మేసినా తుడుచుకునేదాన్ని. మేడ మీద వాడి గదిలో వాడుండేవాడు.”

తమ్ముడు కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. “డిపోలో ఎవరూ ఏమీ అనలేదే,” అన్నాడు చివరికి. “వాళ్లు నా మీద జాలితో మాట ఆపేవాళ్లు. వాడి వీపు చూసి అనుమానపడింది నేనే. పెట్టెలో ఉన్న కొడుకుని చూసి, సిగ్గుపడ్డాను.”

ఆమె భర్త దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు అన్నయ్య. ఆమె అతని తల మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది. ఏడుపు తగ్గేదాకా తీయలేదు.

అన్నయ్య మెల్లగా బొమ్మలు తీయబోయాడు.

“ఉండనివ్వండి బావగారూ. నేనింకా చూడలేదు.”

ఆమె బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. గడ్డం బల్ల అంచుకు ఆనించి, గట్టు మీద కొడుకు నిలబడ్డ చోటి నుంచి కిందికి చూసింది. తుపాకులు పేలిన ఎగువ వైపు అక్కణ్ణుంచి కనిపించదు, రాళ్లు అడ్డం. చాలాసేపు చూసి, చంకకర్ర మీద వాలిన కుర్రాడి వైపు తలతిప్పింది.

“వాడికి నువ్వొక్కడివే కనిపించావు నాయనా.”

కుర్రాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె నేల మీద కూర్చునే చెయ్యి చాచింది. అతను చంకకర్ర వదిలేసి, కష్టం మీద కాలు చాపుకుని, ఆమె పక్కన కూలబడ్డాడు.