వెనక గుండీల కోటు

గుంటివాగు చప్టా పేరెత్తితే చాలు, ములకలపల్లి అవతల పదూళ్ళల్ల ఎంత మొనగాడైనా మాట మారుస్తడు. పొద్దుగూకినంక ఆ తొవ్వన పోవద్దు... పోయినా ఒక్కడివి పోవద్దు... ఒక్కడివి పోయినా వెనక్కి తిరిగి చూడొద్దు.

ఎందుకంటే — ఆడ ఉంది.

ఏముందో మాత్రం ఎవ్వరికీ సరిగ తెల్వదు. వాగు మీద ఆ చప్టా కట్టేటప్పుడు సిమెంటు మూటతో సహా నీళ్ళల్ల పడ్డ కూలోడని కొందరంటరు. కాదు, వెదురు కొట్టబోయి పాము కరిచి పోయిన ఆడమనిషని ఇంకొందరంటరు. చూసినోడు ఒక్కడు లేడు, చెప్పెటోళ్ళు వందమంది. ఒక్క మాట మీద మాత్రం ఊళ్ళన్నీ ఏకమైతయి — దాని పాదాలు వెనక్కి తిరిగి ఉంటయి. అది వస్తాంటే పోతున్నట్టుంటది... పోతాంటే వస్తున్నట్టుంటది.

ఈ మాట విని పడిపడి నవ్వేటోడు ఆ చుట్టుపక్కల ఒకే ఒక్కడు. చెంచురామయ్య డాక్టరు.

డాక్టరంటే పెద్ద చదువేం కాదు. వైరాల ఒకాయన దగ్గర ఎనిమిదేండ్లు కంపౌండరు చేసి, సూది పొడుచుడు నేర్చుకొని, అడివి అంచుకొచ్చి బోర్డు కట్టిండు. జ్వరమొచ్చినా, నడుం పట్టినా, ఆకలి కాకున్నా ఒకటే మందు — ఎర్రనీళ్ళ సూది. మనిషి లేచి కూసుంటే సూది మహిమ. లేవకుంటే మనిషిదే తప్పు.

ఆ సూదికంటె ఆయనకు ఎక్కువ పేరు తెచ్చినయి ఫట్‌ఫటీ ఎక్కేటప్పుడు తొడిగే బట్టలు. ఇంట్ల మూడు ట్రంకు పెట్టెలు, కాలానికొకటి. ఎండాకాలం పెట్టెల తెల్ల పొడుగు చేతుల చొక్కా, నల్ల కండ్లద్దాలు, నెత్తికి తడిపి చుట్టే తువ్వాల. వడదెబ్బ తగలకుంట జేబుల ఉల్లిగడ్డ సరేసరి. వానాకాలం పెట్టెల మోకాళ్ళ దాకా గంబూట్లు, టోపీ కుట్టిన నల్ల రబ్బరు రైన్‌కోటు. చలికాలం పెట్టెల స్వెట్టరు, మఫ్లరు, మంకీ క్యాపు, తోలు కోటు. మూడు కాలాలకూ మీద పెట్టేది ఒక్కటే — హైదరాబాదు నుంచి బామ్మర్ది తెచ్చిన హెల్మెట్. మొహమంత మూసేది, నల్లద్దంది. అద్దం దింపితే లోపల మనిషున్నడో లేడో దేవునికే ఎరుక.

చాలదన్నట్టు ఎవడో లారీ డ్రైవరు ఒక చిట్కా చెప్పిండు. "కోటు ముందుభాగం వెనక్కి తొడగండి సారూ. గుండీల సందుల్లోంచి గాలి రొమ్ముకు కొట్టదు." చెంచురామయ్యకు అది తెగ నచ్చింది. ఆనాటి నుంచి ఏ కోటైనా తిరగేసి తొడుగుడే. చేతులు ముందు నుంచి దూర్చి నిలబడితే, పెండ్లాం ప్రమీలారాణి వెనక నిలబడి గుండీలు పెట్టాలె. మళ్ళ ఇంటికొచ్చి ఆమె విప్పితేనే విముక్తి. ఊళ్ళె ఇదంత ఎవరికీ తెల్వదు. తయారయ్యుడు అయినంకనే ఆయన గడప దాటుతడు, దాటంగనే బండెక్కుతడు, రోగి ఇంట్ల గోడకు వీపానించే కూసుంటడు.

"మీరు తయారై వెళ్ళేలోపు సగం రోగాలు వాటంతటవే తగ్గిపోతున్నాయండీ" అనేది ప్రమీలారాణి.

"మిగతా సగం నన్ను చూసి తగ్గుతాయిలే" అనేటోడు ఆయన.

ఎనభై అయిదో, ఆరో... కార్తీకం దాటినంక తుఫాను పట్టింది. మూడురోజుల నుంచి వదలని ముసురు. దీపాలు పెట్టే యాళ్ళకు చప్టా అవతలి తండ నుంచి మంగీలాల్ సైకిలేసుకొని వచ్చిండు. నిలువునా తడిసి వణుకుతాండు.

"సాబ్... మా ఇంటామె సోమ్లికి మూడొద్దుల నుంచి చలిజరం. పగటాల్ల నుంచి ఏందేందో మాట్లాడుతాంది. నన్ను గుర్తు పడ్తలేదు సాబ్."

చెంచురామయ్య వింటనే లేచిండు. పోయినేడు ఇదే జ్వరం నెత్తికెక్కి ఆ తండల ముగ్గురు పోయిన్రు. సోమ్లికి ఇరవై మూడేండ్లు కూడ నిండలే.

"నువ్వు పద. బండి మీద నీ వెనకే వస్తాను."

"జల్దీ రాండ్రి సాబ్." పోబోతూ మంగీలాల్ ఆగిండు. గొంతు తగ్గించిండు. "చప్టా మీదికెళ్ళి రావాలె గద... పైలం."

డాక్టరు పకపక నవ్విండు. "దెయ్యాలు మీ బుర్రల్లో ఉంటాయి మంగీలాల్. వాగుల్లో ఉండవు."

మంగీలాల్ పోయిండు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. బయట వానా ఉంది, చలీ ఉంది. మరి ఏ పెట్టె తెరవాలె? రైన్‌కోటు తొడిగిండు — చలి ఆగదు. విప్పిండు. తోలు కోటు తొడిగిండు — తడిస్తే పాడైతది, ఎంత ఖరీదు పెట్టి కొన్నది! విప్పిండు. ప్రమీలారాణి గుండీలు పెట్టుడు, తీసుడు, పెట్టుడు, తీసుడు.

"పోయేది పక్క తండాకండీ... హిమాలయాలకు కాదు."

"నీకు తెలియదు, ఊరుకో. నాకే జ్వరమొస్తే ఈ జనాన్ని చూసేదెవరు?"

ఆఖరుకు ఒక తీర్మానానికొచ్చిండు — రెండూ. స్వెట్టరు మీద తోలు కోటు, వెనక గుండీలు. దాని మీద రైన్‌కోటు, అదీ వెనక గుండీలే. రైన్‌కోటు టోపీ ముందు రొమ్ము మీద ఏలాడబడ్డది. మంకీ క్యాపు, మఫ్లరు, హెల్మెట్, గ్లౌజులు, గంబూట్లు. అన్నీ ఎక్కినంక మోకాలు వంగలే, మెడ తిరగలే. కాలెత్తి బండి మీద వెయ్యాల్సింది ప్రమీలారాణే అయ్యింది. గంటన్నర గడిచింది.

"పాపం, ఆ పిల్ల ఉంటుందో పోతుందో..." అన్నదామె. హెల్మెట్ లోపలికి ఆ మాట చేరలే.

బండి కదిలింది.

రెండు మైళ్ళు బాగనే పోయింది. నల్లద్దం మీద వాననీళ్ళు... లోపల ఊపిరి ఆవిరి. తొవ్వ సగం కనబడ్తాంది, సగం గుర్తు మీద పోతాండు. చప్టాకు ఫర్లాంగు దూరంల పల్లం వచ్చింది. నీళ్ళు నిలిచినయి. బండి దిగబడి, రెండు దగ్గులు దగ్గి — ఆగిపోయింది. దీపం కూడ పోయింది.

చీకటి. కన్ను పొడుచుకున్నా ఏం కనబడని చీకటి.

టార్చిలైటు ఉండె. కోటు జేబుల ఉండె. కోటు జేబేమో వీపు దిక్కున్నది. దాని మీద ఇంకో కోటు... దానికి ఆరు గుండీలు. చెంచురామయ్య చెయ్యి వెనక్కి తిప్పిండు. అందలే. ఇంకో చెయ్యి తిప్పిండు. అదీ అందలే. తన జేబుల ఉన్న టార్చిలైటు కోసం తన చుట్టూ తనే నాలుగు చుట్లు తిరిగి, ఆఖరుకు తిట్టుకుంట నడక మొదలువెట్టిండు.

అడుగు... అడుగు... అడుగు. హెల్మెట్‌ల తన ఊపిరి తనకే పెద్దగ వినబడ్తాంది. ఎవరో పక్కనే నడుస్తూ ఊపిరి తీస్తున్నట్టు. ఆగితే అదీ ఆగుతాంది.

"పాదాలు వెనక్కి..." ఎప్పుడో విన్న మాట వద్దన్నా యాదికొచ్చింది. ఎందుకైనా మంచిదని తన పాదాల దిక్కు చూసుకుందామనుకున్నడు. రొమ్ము మీద ఏలాడే టోపీ అడ్డమొచ్చింది. పాదాలు అగుపడలే.

చప్టా వచ్చింది. కాళ్ళ కింద నీళ్ళ హోరు.

అప్పుడు చూసిండు — నేలకు జానెడెత్తుల సన్నటి దీపం. దాని పక్కన తెల్లగ, పొడుగ్గ... పండుకొని ఉన్నది ఏందో. చుట్టూ నలుగురు నల్లగ గొంతుక్కూసున్నరు. పండుకున్నది మూలుగుతాంది. మనిషి మూలుగు లెక్క లేదు.

చెంచురామయ్య కాళ్ళు ఆడనే అతుక్కపోయినయి. నోరు తెరిచి "ఎవరదీ?" అన్నడు. మంకీ క్యాపు, మఫ్లరు, హెల్మెట్ మూడూ దాటుకొని ఆ మాట బయటికొచ్చేసరికి ఇట్లయింది —

"ఊ... ఊఊ... ఊ..."

ఆ కూతకు ముందు ఆయనే దడుసుకున్నడు.

నలుగురూ ఒక్కసారి లేచి నిలబడ్డరు. తెల్లది కూడ లేచింది! లేచి కూసొని, సన్నటి చెయ్యి ఆయన దిక్కు చాపింది. బొంగురు గొంతుతోని పిలిచింది.

"దా... దా... దా..."

ఇగ ఏ చదువు ఆపుతది? చెంచురామయ్య గిర్రున తిరిగి ఉరికిండు. వంగని మోకాళ్ళతోని, తిరగని మెడతోని, గంబూట్ల నీళ్ళు గుబగుబలాడంగ. వెనక ఆ దీపం గబుక్కున పైకి లేచింది... ఆయన వీపు మీద వెలుతురు పడ్డది... మరుక్షణం గావుకేక. వాళ్ళదో, తనదో ఆయనకు ఈనాటికీ తెల్వదు.

బండిని రెండు మైళ్ళు తోసుకుంట ఇల్లు చేరిండు. చలి ఆగాలని తొడిగినవన్నీ చెమటతోని నాని ముద్దయినయి. ప్రమీలారాణి నిద్రపోలే. గడపల కూసున్నది. ఆమె ఒళ్ళె ఏదో ఉన్నది.

"చప్టా మునిగిపోయింది" అన్నడు చెంచురామయ్య, ఆమె అడగకముందే. "ప్రాణాలకు తెగించి చూశాను. దాటలేకపోయాను."

"దాటి మాత్రం ఏం చేసేవాళ్ళండీ" అన్నదామె నెమ్మదిగ. ఒళ్ళె ఉన్నది ఎత్తి చూపించింది. మందుల సంచి. "ఒంటి మీదికి అన్నీ గుర్తున్నాయి. ఇది మాత్రం బల్ల మీదే ఉంది."

ఆమె వెనక నిలబడి గుండీలన్నీ ఒక్కొక్కటి విప్పింది. ఆయనకు ఆ రాత్రి కంటి మీద కునుకు రాలే. దెయ్యం భయం తెల్లారేసరికి పోయింది. సోమ్లి భయం పోలే. ఆ పిల్ల చచ్చిపోయుంటది, నేనే చంపిన అని మనసుల ముల్లు గుచ్చుకున్నట్టే ఉండె. పోయి చూద్దామంటే మొహం చెల్లలే. తండ మనిషి ఎవరు తొవ్వన కనబడ్డా లోపలికి పోయి తలుపు దగ్గరకేసుకునేటోడు. అట్ల పది రోజులు.

పదకొండో రోజు పొద్దుగాల వాకిట్ల పిలుపు. "సాబ్..."

మంగీలాల్! చంకల కోడిపుంజు. చెంచురామయ్య అరుగు మీదికొచ్చి ఆగిండు. ఏమంటడో... ఎట్ల తిడ్తడో...

మంగీలాల్ పక్కకు జరిగిండు. వెనక సోమ్లి నిలబడి ఉన్నది. చిక్కిపోయింది గని, కండ్లల్ల జీవమున్నది.

చెంచురామయ్య అరుగు మీద కూలబడ్డడు. సంతోషానికి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "బతికావా తల్లీ..." అన్నడు. ఆ మాట మాత్రం కల్మషం లేకుండనే అన్నడు.

"ఆ రాత్రి చూసినం, చూసినం... మీరు రాకపాయె" అన్నడు మంగీలాల్. "తండల బురదకు ఫట్‌ఫటీ రాదేమోనని, మంచమెత్తుకొని మేమే ఎదురొచ్చినం సాబ్. తెల్ల దుప్పటి కప్పి, చప్టా మీద దించి కూసున్నం. మీ బండి సప్పుడు కోసం చెవులు రిక్కించినం. గప్పుడొచ్చింది..."

"ఏ... ఏమిటి?"

"గదే." మంగీలాల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించిండు. "ఇన్నాళ్ళు మాటనే అనుకున్న సాబ్. నిజంగనే ఉన్నది. మా దిక్కే వస్తాంది... కని మాకు అగుపడేది దాని వీపు! మొహం లేదు. నున్నగ నల్లకుండ. రొమ్ము మీద ఇంకో తలకాయ ఏలాడుతాంది, ఖాళీది. మమ్మల్ని చూసి ఊ అని కూసింది. జరంల ఉన్నది గద, సోమ్లికేం తెల్సు, నన్ననుకొని దా దా అని పిలిచింది. అది తిరిగి పోతాంటె లాంతరెత్తి చూసిన సాబ్... గుండీలు, జేబులు, రొమ్ము మొత్తం మా దిక్కే! మమ్మల్ని చూసుకుంటనే వెనక్కి ఉరికింది."

లోపలి గదిల ఏదో కిందపడ్డ సప్పుడైంది. ప్రమీలారాణి కొంగు నోట్ల కుక్కుకున్నది.

"మంచమెత్తుకొని అడివి తొవ్వన ఉరికినం" అన్నడు మంగీలాల్. "దేవుని లెక్క వెదురు లారీ దొరికింది. భద్రాచలం దవాఖానల ఏసినం. జరం నెత్తికెక్కింది, ఇంకో రెండు గంటలైతే దక్కకపోతుండె అన్నడు పెద్ద డాక్టరు. ఎర్రనీళ్ళ సూదులకు లొంగేది కాదని గుడ అన్నడు. అది అడ్డం రాకుంటె మిమ్ముల నమ్ముకొని తెల్లార్లు ఆడనే కూసుందుము గద సాబ్! అందుకే ఈ కోడి. చప్టా కాడ దానికి కోసి మొక్కొస్తం."

చెంచురామయ్య లోపలికి వినబడనంత మెల్లగ అడిగిండు.

"చీకట్లో... సరిగ్గా చూశారా? ఎవరైనా మనిషేమో..."

"నాకు గుడ గట్లనే అనిపించింది సాబ్. అబద్ధమెందుకు, ముందుగాల మీరే అనుకున్న." మంగీలాల్ కోడిని ఇంకో చంకలకు మార్చుకున్నడు. "కని చేతిల మందుల సంచి లేదు. పాణం పోయే మనిషి కాడికి డాక్టరైనోడు ఉత్తచేతులతోని వస్తడా సాబ్?"