యశోదమ్మ గూట్లో నాలుగో మోడెం

ధర్మవరంలో దెయ్యాలున్న ఇళ్లు రెండో మూడో ఉన్నాయంటారు. కానీ ఇల్లంతా మంచిదై, గోడలో ఒక్క గూడు మాత్రం చెడ్డపేరు తెచ్చుకున్నది నేతగాడు వీరభద్రయ్య ఇంట్లోనే.

నేసేవాళ్లు కాళ్లు దింపి కూర్చునే మగ్గం గుంతకు ఎడమపక్కన, జానెడు వెడల్పున్న గూడు అది. వీరభద్రయ్య తల్లి యశోదమ్మ బతికున్నన్నాళ్లూ అందులో దీపం పెట్టేది. ఆమె పోయి ఎనిమిదేళ్లయింది. దీపం పోయి, దాని స్థానంలో ఇంటర్నెట్ మోడెం వచ్చింది. ఆ గదిలో ప్లగ్గు ఉన్నది అక్కడొక్కచోటే మరి, ఇంకెక్కడ పెడతారు?

అయితే ఆ గూట్లో పెట్టిన ఏ మోడెమూ ఒక వానాకాలం దాటలేదు.

మొదటిది ఫోను తీగతో నడిచేది. ఉరుము వినగానే వీరభద్రయ్య భార్య వరలక్ష్మి పరుగెత్తి కరెంటు ప్లగ్గు పీకింది. ఫోను తీగ కూడా పీకాలని ఆమెకెవరూ చెప్పలేదు. టప్‌మని ఒక చప్పుడు... కాలిన వాసన... అంతే.

రెండోది కేబులు టీవీ తీగ మీద వచ్చేది. అదీ మొదటిదాని దారినే పోయింది. మూడోదానికి వీధిలోంచి తీగ అక్కర్లేదు, నెట్ గాల్లోంచే వస్తుందని చెప్పి, మిద్దె మీద నిలువెత్తు ఇనప పైపు నిలబెట్టి పైన గొడుగు బిగించి వెళ్లారు. పిడుగుకు చేతులారా అడ్రసు రాసిచ్చినట్టయింది.

"మా యమ్మకు ఇష్టం లేదు," అని వీరభద్రయ్య తేల్చేశాడు. "దీపం తీసేసి ఆడ డబ్బా పెడితిమి. ఆమె గూడు ఆమెకు కావాల."

యశోదమ్మ మామూలు మనిషి కాదు. చీర అంచును రెండు వేళ్ల మధ్య నలిపి, ఇది నేసేటప్పుడు ఎవడు ఎక్కడ ఆవలించాడో చెప్పేదట. అబద్ధం చెప్పినవాడికి ఆ పూట అన్నం లేదు. వీధిలో మగవాళ్లంతా ఆమెకు భయపడేవాళ్లు. ఆమె పోయాక వాళ్లు మానేశారు గానీ, కొడుకు మాత్రం ఇంకా మానలేదు.

వరలక్ష్మికి దెయ్యాల గురించి ఆలోచించే తీరిక లేదు. ఆమె బాధ వేరు.

ఆమెది తలుపుల అనే ఊరి దగ్గర పల్లె. చెనక్కాయ చేలల్లో కలుపు తీస్తూ పెరిగింది, మగ్గం పెళ్లయ్యాకే నేర్చుకుంది. పదిహేనేళ్లు అందరూ చెప్పినట్టు నేసి, ఈ ఏడు మొదటిసారి తన మనసులోంచి ఒక కొంగు గీసుకుని నేసింది. నెమళ్లు లేవు, మామిడిపిందెలు లేవు. కొంగు నిండా చెనక్కాయ చెట్లు. పైన పచ్చపట్టు ఆకులు, కింద ఎర్రమట్టి రంగు, ఆ మట్టిలోకి దిగిన ఊడల చివర జరీ కాయలు.

వీరభద్రయ్య చూసి నవ్వాడు. "పెండ్లికూతురి కొంగు మీద చెనక్కాయలా? మార్కెట్ యార్డుకు పోతాందా, పెండ్లికి పోతాందా అంటారు జనం."

చీర రెండు నెలలు పెట్టెలోనే ఉంది. మాటా మాటా పెరిగి, చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఈ పెళ్లిళ్ల సీజను అయ్యేలోగా ఈ చీర అమ్ముడుపోతే వరలక్ష్మి తనకు నచ్చినట్టు గీసుకోవచ్చు. పోకపోతే మళ్లీ షాపువాళ్లిచ్చే నెమళ్లే, ఇంక బతికినంతకాలం నెమళ్లే.

వరలక్ష్మి ఫోన్లో పంపిన చీర ఫొటో చూసి నల్లమాడ నుంచి ఒక్కరు ఫోన్ చేశారు. హనుమంతరాయుడని ఒక రైతు, కూతురి పెళ్లి పెట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఇంటిల్లిపాదీ వీడియోలో చూస్తామన్నాడు. నచ్చకపోతే శనివారం తెల్లారి పట్టుచీర కోసం కంచి బస్సెక్కుతారట.

ఆ సందులో ఫోను సిగ్నలు మాటలకే చాలదు, వీడియోకు నెట్ ఉండాల్సిందే. పైగా మే నెల, సాయంత్రమైతే చాలు ఆకాశం ఉరుముతూ ఉంది. వరలక్ష్మి మొండికేసి పెనుకొండ నుంచి సాల్మన్‌ను పిలిపించింది. నెట్ కనెక్షన్లిచ్చే పనిలో తల నెరిసిన మనిషి అతను.

సాల్మన్ కాలిపోయిన మూడు డబ్బాలనూ విప్పి చూశాడు. "దీంట్లో దెయ్యం లేదక్కా, రాగి ఉండాది," అన్నాడు. "రాగి తీగంటే పిడుగుకు తారు రోడ్డు మాదిరి. ఈ సారి గాజు పోగు తెచ్చినా. దీంట్లో వచ్చేది కరెంటు కాదు, వెలుగు. ఆసరాకు లోపల ఇనుప తీగ కూడా లేనిదాన్నే ఏరి తెచ్చినా. ఇంక పిడుగు రావాలంటే కరెంటు ప్లగ్గులో నుంచే రావాల. ఉరుము వినపడితే అది పీకేయండి. పీకినా ఫరవాలేదు, ఎందుకంటే ఈ పక్కనుండే బ్యాటరీ డబ్బా..."

ఆ మాట సగంలో ఉండగానే వీరభద్రయ్య నిమ్మకాయ వెతకడానికి వంటింట్లోకి వెళ్లాడు. నిమ్మకాయలు ఎక్కడున్నాయో చెప్పడానికి వరలక్ష్మి అతని వెనకే వెళ్లింది. తిరిగొచ్చి మోడెంకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దండ కట్టారు.

"కట్టుకో అన్నా," అన్నాడు సాల్మన్ నిట్టూర్చి. "రసం మాత్రం లోపలికి పోనీవద్దు."

శుక్రవారం ఏడయింది. మబ్బు పట్టి వీధి అప్పుడే నల్లబడింది. ఫోనును మగ్గం కర్రకు ఆనించి కాల్ కలిపారు. హనుమంతరాయుడి ముఖం, అతని భుజాల మీదుగా ఏడెనిమిది తలలు.

"ఎవురు నేసినారప్పా చీర?"

"నేనేన్నా. డిజైను కూడా నాదే," అన్నాడు వీరభద్రయ్య తడుముకోకుండా.

మగ్గం దగ్గర మగవాడు కనిపిస్తేనే కొనేవాళ్లకు నమ్మకమని అతని లెక్క. చీర పట్టుకుని పక్కన నిలబడిన వరలక్ష్మి అతని వైపు చురుగ్గా చూసింది. ముందు చీర అమ్ముడుపోనీలే అని పళ్లు బిగించి, కొంగు మడత విప్పి ఫోను ముందు పరిచింది. అవతల ఎవరో "దగ్గరికి... దగ్గరికి తే" అంటున్నారు —

తళుక్కున మెరిసింది. వెనకే పిడుగు. ఇల్లంతా అదిరింది. కరెంటు పోయింది.

వరలక్ష్మి చీకట్లో తడుముకుంటూ పోయి మోడెం ప్లగ్గు పీకింది. వీరభద్రయ్య ఫోను లాక్కుని, గూటి కింద ఉన్న ఖాళీ బానలో పడేసి మూత పెట్టాడు. మట్టిపాత్ర జోలికి పిడుగు రాదని వాళ్లమ్మ చెప్పేది. తర్వాత ప్లాస్టిక్ టబ్బు నెత్తిన బోర్లించుకుని మగ్గం గుంతలోకి దిగిపోయాడు.

"అర్జునా... ఫల్గుణా... పార్థా... ఆ తర్వాత ఏందిమే?"

"కిరీటీ."

"ఆ... కిరీటీ..."

వరలక్ష్మి చీర ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది. కరెంటు పోతే నెట్ పోతుంది, ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. పొద్దున కంచి బస్సు వెళ్లిపోతుంది. ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

బయట వాన మొదలైంది.

అప్పుడు చూసింది గూటి వైపు.

చిమ్మచీకట్లో... పచ్చగా ఒక చుక్క. వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

వరలక్ష్మి తన చేతిలోకి చూసుకుంది. పీకిన ప్లగ్గు ఇంకా చేతిలోనే ఉంది.

"ఇదో," అంది గుసగుసగా. "గూట్లో... దీపం."

టబ్బు కొద్దిగా పైకి లేచింది. రెండు కళ్లు గూటి వైపు చూశాయి. టబ్బు మళ్లీ దిగిపోయింది.

అంతలో ఆ మూల నుంచి... బావిలోంచి వచ్చినట్టు... బొంగురుగా ఒక ముసలి గొంతు.

"చీకటిగా ఉండాది..."

దెయ్యాల గురించి ఆలోచించే తీరికే లేని వరలక్ష్మి తాను కట్టుకున్న చీర కొసను నోట్లో కుక్కుకుంది.

"ఎవురన్నా... ఉండారా...?"

"అమ్మా," అన్నాడు టబ్బు కింద నుంచి వీరభద్రయ్య. ఏడ్చే పిల్లవాడి గొంతు అది. "రేపే డబ్బా తీసేస్తా. రేప్పొద్దున్నే దీపం పెడతా."

గొంతు ఇంకా నెమ్మదిగా వచ్చింది.

"అది సరే గానీ అబ్బీ... ఆ కొంగు ఎవురు నేసినారు?"

టబ్బు ఇంకాస్త కిందికి దిగింది.

"నువ్వు గాదు... ఊడలు నేలలోకి ఎట్ల దిగుతాయో, కాయ యాడ పడతాదో... చేన్లో వంగినోళ్లకే తెలుస్తాది అది. నిజం చెప్పు నాయనా."

బయట ఇంకో ఉరుము. గుంతలో టబ్బు గోడకు తగిలి డబ్బుమంది. ఆ చప్పుడుతో పాటే వీరభద్రయ్య నోట్లోంచి నిజం ఊడిపడింది.

"నేను గాదమ్మా. వరలక్ష్మి నేసింది. గీసిందీ ఆమే. నేను నవ్వితి. అమ్ముడుపోతే నా పేరే చెప్పుకుందామనుకుంటి. పోయిన ఏడు నేతగాళ్ల సొసైటీ వాళ్లు ఫొటో తీసి మెచ్చుకున్న చీర గూడా ఆమెదే. నాకు శాలువా కప్పినారు, కప్పించుకుంటి. ఇంకెప్పుడూ చెయ్యనమ్మా. నన్ను వదిలెయ్."

వరలక్ష్మికి భయం ఎటు పోయిందో తెలియలేదు. శాలువా సంగతి ఆమె ఏడాదిగా గుండెలో దాచుకుంది, ఒక్కసారి కూడా అడగలేదు. అతను దాన్ని తప్పని ఎప్పుడూ అనుకోలేదేమోనని బాధపడేది. అనుకున్నాడన్నమాట.

మూలలో గొంతు దగ్గింది.

"మంచిది. అట్లయితే ఆ యమ్మను పిలువు. నాకు ఈడ ఒక బొద్దింక తప్ప ఏం కనపడ్లే."

వరలక్ష్మి ఒక్క క్షణం ఆలోచించింది. లేచింది. బాన దగ్గరకు వెళ్లి మూత తీసింది.

బాన అడుగున ఫోను వెలుగుతోంది. తీసి చూస్తే నల్లమాడ ఇల్లు అక్కడే ఉంది. ఆ ఏడెనిమిది తలలూ అక్కడే ఉన్నాయి, కొందరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. అందరికంటే ముందు, స్క్రీన్‌కు ముక్కు ఆనించి, బోసినోటి ముసలామె.

"మా యమ్మ," అన్నాడు హనుమంతరాయుడు పక్కనుంచి. "కాల్ కట్ కాలేదక్కా. అంతా వినపడింది. మేము పెట్టేద్దామంటే ఈమె పెట్టనీలే."

గాజు పోగును పిడుగు ఏమీ చేయలేదు. సాల్మన్ చెబుతుంటే వీళ్లు వినకుండా పోయిన బ్యాటరీ డబ్బా, కరెంటు లేకపోయినా మోడెంను నడిపిస్తూనే ఉంది.

టబ్బు మెల్లగా పైకి లేచింది. "అంటే... మా యమ్మ గాదా?"

"మీ యమ్మయితే నిన్ను అడిగేదేమీ ఉండదబ్బీ," అంది ముసలామె. "ఆమెకు తెలిసే ఉంటాది."

టబ్బు మళ్లీ మెల్లగా దిగింది.

వరలక్ష్మి దీపం వెలిగించి కొంగును మళ్లీ పరిచింది. ముసలామె ఒక్కో చెట్టునూ, ఒక్కో కాయనూ చూసింది. యాభై ఏళ్లు చేను చేసిన మనిషి చూపు అది.

"ఇది మా పాపకు," అంది. "కంచికి పోయే పని లేదు. సంక్రాంతి అవతల చిన్న మనవరాలి పెండ్లి కూడా ఉండాది. దానికి ఏం వేస్తారు కొంగు మీద?"

అలవాటు చొప్పున వీరభద్రయ్య గుంతలోంచి తల బయటపెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "దానికి నేను —"

బయట ఫెళ్లుమంది.

టబ్బు ఠపీమని దిగింది. కింద నుంచి మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"ఆమెనే అడగండమ్మా. నాకేం తెల్దు."

వరలక్ష్మి ఫోను దగ్గరికి జరిగి కూర్చుంది. పదిహేనేళ్లలో ఆ మాట తనను ఎవరూ అడగలేదు. ఒక్కటి కాదు, పదకొండు కొంగులు ఉన్నాయి ఆమె మనసులో.

"రాగి కంకులు వేస్తానవ్వా," అంది.